మామకు చెప్పొద్దు

ఆ ఎండాకాలం మాకు మహబూలాలో ఒక గది దొరికింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో సంజీవమ్మా నేనూ నెల రోజులు వరసగా ఒకే కప్పు కింద పడుకున్నది అదే మొదటిసారి. కువైట్‌లో ఇద్దరమూ ఏళ్ళ తరబడి ఉన్నాం. నేను సాల్మియాలో ఒక ఇంటి డ్రైవర్ని. గేటు పక్క గదిలో పడుకునేవాణ్ణి. ఆమె ఇంకో ఇంట్లో పనిమనిషి. వంటగది పక్కన పడుకునేది. శుక్రవారం ఒక పూట కలిసేవాళ్ళం, బస్టాపులోనో, పార్కులోనో. దాన్ని కాపురం అంటారో లేదో నాకు తెలియదు.

గది దొరకడానికి కారణం ఆమె గుండె. చలికాలంలో వంటింట్లో కళ్ళు తిరిగి పడింది. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని ఆస్పత్రిలో భుజం కింద చర్మం కోసి చిన్న మిషను పెట్టారు. మావాళ్ళు దాన్ని బ్యాటరీ అన్నారు. ఆ ఇంటి యజమానురాలు భయపడింది. ఇకమీద రాత్రులు ఇక్కడ ఉండొద్దు, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపో అంది. జాలి అనుకోవద్దు. తన ఇంట్లోంచి శవం లేవకూడదని. నా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, కూడా ఆ ఏడే గేటు పక్క గది పడగొట్టి కార్లకు షెడ్డు వేయించాడు. ఇద్దరినీ చెరొక ఇంటివాళ్ళు బయటికి పంపితే మేము ఒకచోట పడ్డాం.

ఆపరేషన్ అయిన వారానికే ఆమెతో అన్నాను.

“ఇంగ చాలు. ఇంటికి పో. మీ అమ్మకాడ ఉండు.”

“పో అంటే పోవడానికి నేనేమన్నా సూట్‌కేసా మామా?”

“టికెట్ తీస్తా.”

“తియ్యి. నువ్వే ఎక్కిపో.”

సంజీవమ్మ మా అక్క కూతురు. పుట్టినప్పటి నుంచీ నన్ను మామా అనే పిలిచేది. ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళు ఇక్కడ యజమానురాలిని కూడా మామా అనే అంటారు. అందువల్ల ఆమెకు ఇద్దరు మామలు. పక్క గదిలో ఉండే రెడ్డెమ్మ దీన్ని పట్టుకుని మమ్మల్ని ఏడిపించేది. నేను పని ముగించుకుని రాగానే తలుపు కొట్టి అరిచేది.

“సంజీవమ్మా, నీ మామ వచ్చినాడు!”

“ఏ మామ? జీతమిచ్చే మామనా, జీతం అడిగే మామనా?”

“మూతి ముడుచుకున్న మామ.”

“ఇద్దురూ అంతే కదమ్మే. గుర్తు సరిగ్గా చెప్పు.”

ఫ్లాటులో మాది చివరి గది. కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకో బిల్డింగు ఏసీలు వేడిగాలి మన మొహం మీదికి ఊదుతుంటాయి. అందులో చూసి మురిసిపోవడానికి ఏమీ లేదు. సంజీవమ్మ మాత్రం మొదటి రోజు తలుపు వేసి, గడియ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

“ఏం చేస్తాండావు?”

“పనిమనుషుల గదికి లోపల గడియ ఉండదు మామా. ఎప్పుడు పిలిస్తే అప్పుడు తలుపు తోసుకోని వస్తారు. నువ్వు చూడలేదులే.”

పక్క గదిలో రెడ్డెమ్మతో పాటు గౌసియా బీ ఉండేది. రాయచోటి మనిషి. కఫీల్ ఇల్లు వదిలి బయటపడి, ఇఖామా, అంటే ఇక్కడ ఉండడానికి ఇచ్చే కాగితం, లేకుండా అక్కడా ఇక్కడా వంటలు చేసుకుని బతికేది. అలాంటివాళ్ళను ఇక్కడ ఖల్లివల్లి అంటాం. పోలీసు బండి చూస్తే సందులోకి తిరుగుతారు. జబ్బు చేస్తే పడుకుంటారు. కాగితం లేనివాళ్ళు ఆస్పత్రి గడప తొక్కరు.

మే నెల చివర్లో సంజీవమ్మను ఆస్పత్రికి తీసుకుపోయాను. నేను కారులోనే కూర్చున్నాను. డ్రైవర్లకు అది అలవాటు. ఆమె చంకలో తెల్లటి డబ్బా పెట్టుకుని బయటికి వచ్చింది.

“ఏంది అది?”

“ఛార్జర్.”

“దేనికి?”

“నాకే. బ్యాటరీ పెట్టినోళ్ళు ఛార్జర్ ఇయ్యరా? తలకాడ పెట్టుకోని పడుకుంటే చాలంట.”

“వైరు యాడ గుచ్చాల?”

“వైరు లేకుండానే ఎక్కుతాదంట. ఇప్పుడు ఫోన్లకు రాలేదా అట్ల?”

“ఎంత తీసుకున్నారు?”

“ఊరికే. డాక్టర్లు ఏందో రీసెర్చ్ చేస్తాండారు. నాలాంటోళ్ళకు కొందరికి ఇచ్చి చూస్తారంట.”

నేను మా ఊరి బడిలో ఏడు దాకా చదివాను. నాకు తెలిసిన బ్యాటరీలన్నిటికీ ఛార్జర్లున్నాయి. నమ్మాను. ఫ్లాటంతా నమ్మింది. ముందు వైపు పచ్చ దీపం వెలిగితే రెడ్డెమ్మ దండం కూడా పెట్టింది.

జూన్‌లో గౌసియా బీకి దడ మొదలైంది. కూరగాయలు తరుగుతూ తరుగుతూ కత్తి పక్కన పెట్టి ఎదమీద చెయ్యి వేసుకునేది. ఒక సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“అక్కా, ఒక మాట అడగతా, తప్పు అనుకోవద్దు. ఆ ఛార్జర్ పక్కన ఒక గంట కూచుంటా. నాక్కూడా రవ్వంత ఎక్కుతాదేమో.”

రెడ్డెమ్మ వెనకనుంచి నవ్వింది. “నీకు బ్యాటరీ యాడుందే ఎక్కడానికి?”

“దేవుడు పెట్టింది లేదా? అది డౌన్ అయితాంది.”

సంజీవమ్మ నవ్వలేదు. డబ్బా వైరు తీసి, చుట్టి, గౌసియా బీ చేతిలో పెట్టింది.

“గంట ఏందే. తీసుకపో. నీ తలకాడ పెట్టుకో.”

నేను అడ్డం పోయాను. “ఇచ్చింది నీకు కదా. నీ సంగతేంది?”

“నాది ఫుల్ అయింది మామా. ఎక్కువ ఎక్కిస్తే ఉబ్బుతాది. ఫోను బ్యాటరీ ఉబ్బింది నువ్వే కదా చూపించినావు.”

మర్నాడు గౌసియా బీ నిండా నిద్రపోయి లేచింది. దడ తగ్గిందంది. మా ఇద్దరికీ టీ పెట్టి ఇచ్చింది. డబ్బా తిరిగి రాలేదు. నేను అడిగినప్పుడల్లా సంజీవమ్మ ఒకటే మాట. పాపం, దానికి ఆస్పత్రి లేదు కదా.

ఆ రోజుల్లో ఆమెకు తరచూ ఫోన్ వచ్చేది. ఫోన్ పట్టుకుని మెట్ల మీదికి పోయి మాట్లాడేది.

“ఎవరు?”

“మామా. రేపు చుట్టాలొస్తారంట, పెందలాడే రమ్మంటాంది.”

యజమానురాలు అలా పిలవడం మామూలే. నేను పట్టించుకోలేదు.

జూలైలో ఒక శుక్రవారం సాయంత్రం సముద్రం దగ్గరికి పోయాం. గాలి లేదు. నీళ్ళు కూడా వేడిగా ఉన్నాయి. ఇసకలో నాలుగడుగులు వేసి ఆమె కూర్చుండిపోయింది. పెదవులు నల్లబడ్డాయి.

“ఏమైంది?”

“ఎండ.”

“పొద్దు మునిగింది కదా.”

“మునిగిన ఎండ.”

“సంజీవీ, నిజం చెప్పు. ఒంట్లో బాలేకుంటే చెప్పు. ఇంటికి పంపిస్తా.”

ఆమె నా మోకాలి మీద గట్టిగా గిల్లింది.

“నీకు వేరే మాట రాదా మామా? గది దొరికి రెండు నెలలు కాలేదు. అప్పుడే పంపిస్తాడంట.”

“గది కోసం చస్తావా?”

“అరే, గడియ పెట్టుకోని పడుకుంటే ఎంత సుఖంగా ఉంటాదో నీకేం తెలుసు. లెయ్, ఆకలయితాంది.”

లేచి నాకంటే ముందు నడిచింది. నేను వెనక నడిచాను.

ఆగస్టులో, మళ్ళీ శుక్రవారమే, మధ్యాహ్నం సంజీవమ్మ సంగటి కెలుకుతోంది. నేను ఉల్లిపాయ కోస్తున్నాను. రెడ్డెమ్మ ఏదో అంటే నవ్వింది. నవ్వు సగంలో ఆగింది. తెడ్డు చేతిలో ఉండగానే పడిపోయింది. అంబులెన్సు తొందరగానే వచ్చింది. ఎదమీద నొక్కారు. ఏవో అంటించారు. ఆఖరికి వాళ్ళలో ఒకడు రెండోవాడితో ఒక్క మాట అన్నాడు. ఖలాస్. ఆ మాట మేము ఇక్కడ పొద్దస్తమానం అంటాం. పాలు అయిపోతే అంటాం. డ్యూటీ అయిపోతే అంటాం.

నేను పక్క గదిలోకి పోయాను. డబ్బా గౌసియా బీ పరుపు పక్కన ఉంది. పచ్చ దీపం వెలుగుతోంది. ఆమె గోడకు ఆనుకుని ఏడుస్తోంది.

“నా పెండ్లాం ఛార్జింగ్ అంతా నువ్వు తిన్నావు” అన్నాను.

ఆమె ఏడుపు ఆగిపోయింది. నోరు తెరుచుకునే ఉంది. అన్నందుకు నాకు బాధ కలగలేదు. వైరు పీకి డబ్బా తెచ్చుకున్నాను.

శవాన్ని పెట్టెలో ఊరికి తీసుకుపోయాను. బ్యాటరీని ఆస్పత్రిలోనే కోసి తీసేశారు. కాష్టంలో పేలుతుందంట. అక్క నన్ను పట్టుకుని ఏడ్చింది. నా బిడ్డను అంత దూరం ఎందుకు ఉంచినావురా అని అడిగింది. దినాలు ముగించి తిరిగి వచ్చాను. ఊళ్ళో నాకు పనేముంది.

వచ్చిన రోజు సాయంత్రం గది గుమ్మం దగ్గర మూతపెట్టిన పళ్ళెం ఉంది. అన్నం, పప్పు, రెండు వేపుళ్ళు. గౌసియా బీ వంట. ముట్టుకోకుండా తీసుకుపోయి వంటగది గట్టు మీద పెట్టాను. మర్నాడు మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసిపెట్టాను. ఆమె నా ఎదుటికి వచ్చేది కాదు. నేను వస్తున్న చప్పుడైతే వాళ్ళ గది తలుపు మూసుకునేది.

రెడ్డెమ్మ ఒకరోజు నన్ను మెట్ల దగ్గర ఆపింది.

“అన్నా, అది నిద్ర పోవడంల్యా. గోడకు ఆనుకోని కూచుంటాది. చిక్కి సగమైంది. ఒక్క మాట అనరాదా?”

“ఏం మాట?”

“నువ్వు తినలేదు అని.”

“తినింది కదా.”

“నువ్వు మనిషివి కాదన్నా.”

“కాదులే. పో.”

సెప్టెంబరులో ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. సంజీవమ్మ ఫోను నా దగ్గరే ఉంది. రీసెర్చ్ డబ్బా తిరిగి ఇవ్వాలి, ఒకసారి రండి అని తెలుగులో చెప్పారు. ఆ రోజు కఫీల్ పిల్లలను బడిలో దింపి అటే పోయాను. ఈసారి కారు దిగి లోపలికి నడిచాను.

నర్సు పేరు హుమేరా. హైదరాబాదు అమ్మాయి. నన్ను చూసి లేచి నిలబడింది.

“పెంచల్ అన్ననే కదా? రాండ్రి, కూసోండ్రి. అక్క సంగతి మాకు తెలిసింది. మస్తు బాధ అయ్యింది.”

నేను డబ్బా బల్ల మీద పెట్టాను.

“ఛార్జర్ తెచ్చినా.”

“ఛార్జరా?”

“ఇదే. బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కించేది.”

ఆమె డబ్బా వైపు చూసింది. నా వైపు చూసింది.

“ఇది ఛార్జర్ కాదన్నా. లోపలి మెషిన్ ఏండ్లకేండ్లు నడుస్తది, దానికి ఛార్జింగే ఉండది. అక్క గుండె ఎట్ల కొట్టుకుంటుందో ఇది మాకు పంపుతది. గంతే పని. ఇట్ల ఇంట్ల డబ్బా పెడితే ఆపద ముందుగాలనే తెలుస్తదా అని మేము చూస్తున్నం. అక్కకు నేనే తెలుగుల చెప్పిన. రెండుసార్లు చెప్పిన. మంచిగ సమజ్ అయ్యింది ఆమెకు.”

నేను డబ్బా వైరు విప్పి మళ్ళీ చుట్టాను.

“జూన్‌ల ఒకసారి పంపింది. గుండె కింది గదులు ఉన్నట్టుండి ఉరుకుతున్నయి అని. ఆమెకు పెట్టిన మెషిన్ గుండె ఆగితే నడిపిస్తది గని, ఉరికితే ఆపదు. దానికి వేరే మెషిన్ ఉంటది, లోపల్నే షాక్ ఇచ్చి దారికి తెస్తది. అది పెట్టాలె, జల్ది రా అని ఫోన్ చేసిన. పెట్టినాక కొన్ని నెలలు పని బంద్, ఇంట్లనే రెస్టు అని చెప్పిన.”

“ఏమనింది?”

“వస్త మేడమ్, వస్త మేడమ్. రాలేదు. తర్వాత డబ్బా నుంచి ఏం రాలేదు. కరెంటు ఉంది, పక్కన మనిషి లేదు. గోడ అవతల పెడితే దానికి వినపడదు కదా. మళ్ల ఫోన్ చేసిన, మళ్ల చేసిన. ఇల్లు మారినం, ప్లగ్గు సరిగ్గ లేదు అన్నది.”

“నాకెందుకు చెయ్యలేదు?”

“మీ నంబర్ ఇయ్యలేదన్నా. ఇంట్ల ఎవరికన్నా చెప్త అంటే బతిమాలింది. మామకు మాత్రం చెప్పొద్దు, తెలిస్తే ఇంటికి పంపుడే అని. నౌకరీ పోతదని భయం అనుకున్న. ఇక్కడ పనిచేసేటోళ్ళందరు అదే అంటరు, మామాకు చెప్పకు, మామాకు చెప్పకు అని.”

గదిలో ఏసీ ఎక్కువగా ఉంది.

“పంపిస్తాది అనిందా,” అన్నాను, “పంపిస్తాడు అనిందా?”

“ఏంది అన్నా?”

“ఆ మాట ఎట్ల అనింది?”

“పంపిస్తాడు... అవును. పంపిస్తాడు అనే అన్నది. మీ దిక్కు మాట్లాడుడు గట్లనే ఉంటదేమో అనుకున్న.”

“మా దిక్కు కూడా ఆడోళ్ళను అట్ల అనరు.”

హుమేరాకు అర్థమైందో లేదో నాకు తెలియదు. ఆమె డబ్బాను తన వైపు లాక్కుంది. తర్వాత మెల్లగా అడిగింది.

“అక్కవి మా దగ్గర ఉన్న రీడింగులు రీసెర్చ్‌ల వాడుకుంటమన్నా. మీరు సరే అంటేనే.”

“ఏమని రాసుకుంటారు?”

“డబ్బా పక్కన పేషెంట్ లేదు అని.”

“ఎందుకు లేదో?”

“అది రాయరన్నా.”

“వాడుకోండి.”

లేచి గుమ్మం దాకా వచ్చి ఆగాను.

“మా ఫ్లాటులో ఒకామెకు దడ. కాగితాలు లేవు.”

“ఇక్కడికి వద్దన్నా. నా డ్యూటీ అయినాక బయట కలుస్త. నాడి చూస్త. తర్వాత ఏం చెయ్యాల్నో చెప్త.”

కారులో కూర్చున్నాను. ఇంజను వేయలేదు. కారు లోపల పొయ్యిలా ఉంది.

నేను పంపేవాణ్ణే. ఆ జూన్‌లోనే, మర్నాడే టికెట్ తీసేవాణ్ణి. అది ఆమెకు తెలుసు. బతికి ఊళ్ళో ఉండేది. నేను ఇక్కడ ఎవరి గేటు పక్కనో పడుకునేవాణ్ణి. శుక్రవారం ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. అది చాలదా? చాలదని ఆమె ఒక్కతే తేల్చేసింది. డబ్బాను గోడ అవతల పెట్టి, ఊరందరికీ ఛార్జర్ అని చెప్పి, నా పక్కన గడియ పెట్టుకుని పడుకుంది. నన్ను ఒక్క మాట అడగలేదు.

ఆ సాయంత్రం ఫ్లాటుకు వచ్చేసరికి గుమ్మం దగ్గర పళ్ళెం ఉంది. పక్క గది తలుపు అప్పుడే మూసుకుంది. నేను ఆ తలుపు కొట్టాను. చాలాసేపటికి గౌసియా బీ తీసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఛార్జర్ ఇచ్చేసినావా అన్నా?”

“ఇచ్చేసినా. అది ఛార్జర్ కాదు.”

ఆమెకు అర్థం కాలేదు.

“గుండె ఎట్లుందో ఆస్పత్రికి చెప్పే డబ్బా అది. దాంట్లోంచి ఎవురికీ ఏమీ ఎక్కదు. సంజీవికి తెలుసు. తెలిసే నీకిచ్చింది.”

“ఎందుకన్నా?”

దానికి జవాబు నేను చెప్పలేదు. ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

“నువ్వేం తినలేదు” అన్నాను.

ఆమె తలుపు పట్టుకుని కిందికి జారి కూర్చుంది. ఏడవలేదు. ఊపిరి మాత్రం పెద్దగా తీసి వదిలింది, నీళ్ళలో మునిగి పైకి వచ్చినట్టు. వెనక నుంచి రెడ్డెమ్మ వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

“రేపు సాయంత్రం సిద్ధంగా ఉండు. నర్సు నీ నాడి చూస్తాది.”

“పోలీసులు...”

“కారులో కూచోబెట్టి తీసుకపోతా. మాట్లాడకుండా కూచో. చాలు.”

పళ్ళెం తీసుకుని నా గదిలోకి వచ్చాను. మూత తీసి తిన్నాను. గుమ్మంలోంచి ఇద్దరూ చూస్తున్నారు.

“పప్పులో ఉప్పు ఎక్కువయింది” అన్నాను.

“అంత కోపంలో కూడా అన్నకు వంక దొరికింది చూడు” అంది రెడ్డెమ్మ.

గౌసియా బీ చలికాలంలో ఎంబసీలో అవుట్‌పాస్, అంటే ఊరికి తిరిగిపోయే కాగితం, తీసుకుని రాయచోటికి పోయింది. ఆ నర్సే దారి చెప్పింది. అక్కడ డాక్టరు మాత్రలు ఇచ్చాడంట, దడ తగ్గిందంట. రంజాన్‌కు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు. ఆమె మీద కోపమేమీ లేదు. మాట్లాడడానికి ఏముంది.

కోపం సంజీవమ్మ మీద ఉంది. తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు. ఆస్పత్రిలో ఉన్న రీడింగుల్లో ఆ కోపానికి జవాబు దొరకదు.

కఫీల్ ఇప్పుడు షెడ్డు పక్కన మళ్ళీ డ్రైవరు గది కట్టించాడు. ఏసీ పెట్టించాడు. వచ్చెయ్, ఊరికే అద్దె ఎందుకు అంటాడు. నేను పోలేదు. డ్యూటీ అయ్యాక అంత దూరం మహబూలాకే వస్తాను. గదిలోకి వచ్చి, తలుపు వేసి, లోపల గడియ పెట్టుకుంటాను.